పాత మండువా ఇంటి పుట్టుపూర్వోత్తరాలు తెలుసుకోవడం ఎలా

విజయనగరం కోట చుట్టుపక్కల వీధుల్లోనూ, శ్రీకాకుళం పాత పేటల్లోనూ మండువా లోగిళ్ళు ఏటికేడు తగ్గిపోతున్నాయి. అలాంటి ఇల్లు మీ చేతికి వచ్చినప్పుడు, దానిని ఎవరు కట్టించారో, ఎన్ని చేతులు మారి మీదాకా వచ్చిందో తెలుసుకోవాలంటే ముందుగా ఒక సంగతి గుర్తుంచుకోవాలి. రిజిస్ట్రారు కార్యాలయంలో ప్రధానంగా దొరికేది స్థలం చరిత్ర. కట్టడం చరిత్ర గోడల్లోనూ కప్పులోనూ ఉంటుంది. రెండింటినీ పక్కపక్కన పెట్టుకొని చదవాలి.

కాగితాలకంటే ముందు ఇంటిని చూడండి. వీధి అరుగు నుంచి పెరటి నూతి దాకా గదుల కొలతలు తీసుకొని ఒక పటం గీయండి. రెండు గోడలు కలిసే మూలలో ఇటుక వరసలు ఒకదానిలో ఒకటి కలవకుండా పైనుంచి కిందిదాకా నిలువు గీత కనిపిస్తే, ఆ గోడల్లో ఒకటి తరువాత కట్టినదని దాదాపుగా చెప్పవచ్చు. ఒక భాగంలో గానుగ సున్నం, మరొక భాగంలో సిమెంటు కనిపించినా అదే అనుమానం కలగాలి.

పెంకుల దగ్గర చాలామంది పొరబడతారు. మా తాతగారి ఇంటి కప్పు విప్పినప్పుడు ఒక మంగుళూరు పెంకును తిరగేసి, తడిగుడ్డతో మసి తుడిచి చూస్తే, పెంకుల కార్ఖానా నడిపిన క్రైస్తవ సంస్థ బాసెల్ మిషన్ పేరుతో పాటు 1865 అనే అంకె ఉబ్బెత్తుగా కనిపించింది. ఇల్లు ఆ ఏడాదిదేనని ఇంటిల్లిపాదీ సంబరపడ్డాం. నిజానికి అది మంగుళూరులో ఆ కార్ఖానా మొదలైన సంవత్సరం. తరువాత ఎన్నో ఏళ్ళపాటు తయారైన పెంకుల మీద కూడా అదే ముద్ర ఉండేది. కాబట్టి ఆ అంకెను బట్టి పెంకు 1865కు ముందుది కాదని మాత్రమే చెప్పగలం. ఇనుప దూలం మీద టాటా ముద్ర ఉంటే అది 1912కు ముందుది కాదు, ఎందుకంటే జంషెడ్‌పూర్ కార్ఖానాలో ఉక్కు తయారీ మొదలైంది ఆ ఏడాదే. ద్వారబంధం మీద తెలుగు సంవత్సరం పేరు చెక్కి ఉంటే మరీ జాగ్రత్త అవసరం. సర్వజిత్తు అని ఉంటే అది 1887 కావచ్చు, 1947 కావచ్చు. అరవై ఏళ్ళ తేడాను పక్కనున్న ఇతర ఆనవాళ్ళే తేల్చాలి.

ఇక దస్తావేజుల సంగతి. కంప్యూటరులో ఈసీ (ఆస్తి మీద నమోదైన లావాదేవీల పత్రం) సాధారణంగా 1983 నుంచే దొరుకుతుంది. అంతకు ముందుదానికి సబ్‌రిజిస్ట్రారు కార్యాలయంలో పాత పుస్తకాలు వెతికించాలి. స్థిరాస్తి దస్తావేజులు నమోదయ్యే 1వ పుస్తకాన్నీ, దాని సూచికలనూ రుసుము చెల్లించి ఎవరైనా చూడవచ్చు. నమోదైన వీలునామాలు 3వ పుస్తకంలో ఉంటాయి. రాసినవారు గతించాక వాటి నకలు ఎవరైనా అడగవచ్చు. మీ దస్తావేజులో ఉదహరించిన పాత నంబరును పట్టుకొని, ఆ లింకు దస్తావేజు నుంచి దాని ముందటి దానికి, ఇలా ఒక్కొక్క మెట్టు వెనక్కి వెళ్ళండి.

వెతికేటప్పుడు జిల్లా పేరు తికమక పెడుతుంది. పార్వతీపురంలోని ఇంటికి 1950కి ముందు విశాఖపట్టణం, ఆ తరువాత శ్రీకాకుళం, 1979 నుంచి విజయనగరం, 2022 నుంచి పార్వతీపురం మన్యం అని జిల్లా మారుతూ వస్తుంది; ఇల్లు మాత్రం ఉన్నచోటే ఉంది. పాత ఇంగ్లీషు కాగితాల్లో శ్రీకాకుళాన్ని చికాకోల్ అని రాసేవారు. రెవెన్యూ లెక్కల్లో ఫసలీ సంవత్సరం (జులైలో మొదలయ్యే పాత రెవెన్యూ ఏడాది) ఉంటే, ఇంగ్లీషు సంవత్సరం కోసం దానికి 590 కలపండి. 1357 ఫసలీ అంటే 1947 జులైలో మొదలైన ఏడాది.

దస్తావేజు చేతికి వచ్చాక అందరూ పేర్లు, వెల చూసి పక్కన పెడతారు. నా దృష్టిలో అన్నిటికంటే విలువైనది చివర ఉండే షెడ్యూలు, అంటే ఆస్తి వివరాల పట్టిక. అందులోని చెక్కుబందీలో (నాలుగు హద్దుల వివరంలో) తూర్పున ఎవరి ఇల్లు, పడమరన ఎవరి దొడ్డి అని రాసిన పేర్లను బట్టి పొరుగువారి దస్తావేజులు వెతకవచ్చు; మీ ఇంటి కాగితం పోయినా, వారి కాగితంలో మీ పూర్వ యజమాని పేరు హద్దుగా కనిపించవచ్చు. అలాగే ఒక దస్తావేజులో ఖాళీ స్థలమనీ, తరువాతి దానిలో నాటు పెంకుటిల్లనీ, ఆపైన మంగుళూరు పెంకుటిల్లనీ ఉంటే, ఇల్లు కట్టిన కాలమూ కప్పు మార్చిన కాలమూ ఆ తేదీల మధ్య చిక్కుతాయి. కాకపోతే లేఖరులు పాత వివరాన్నే మక్కికి మక్కి ఎత్తిరాసిన సందర్భాలూ ఉంటాయి గనుక, మీరు గీసిన పటంతో సరిపోల్చుకోవాలి.

తండ్రి తరువాత కొడుకులకు వారసత్వంగా వచ్చిన ఇల్లు, నోటిమాటగా పంచుకున్న ఇల్లు ఈసీలో కనిపించవు. ఈ ఖాళీలను పురపాలక సంఘపు ఇంటి పన్ను రసీదులతో పూరించాలి. పన్ను ఎవరి పేరున ఏ ఏడాది మారిందో వాటిని బట్టి తెలుస్తుంది. పల్లెల్లో ఇళ్ళు ఎక్కువగా గ్రామకంఠంలో (ఊరి నివాస స్థలంలో) ఉంటాయి గనుక అడంగల్‌లో (సాగు భూముల లెక్కల్లో) యజమాని పేరు వెతికి ప్రయోజనం ఉండదు. పంచాయతీ రసీదులే ఆధారం. జమీందారీ గ్రామమైతే, 1948 నాటి ఎస్టేట్ల రద్దు చట్టం తరువాత తయారైన సెటిల్‌మెంటు ఫెయిర్ అడంగల్‌లో (ఊరి భూములన్నిటినీ రకాల వారీగా రాసిన రికార్డులో) మీ స్థలం గ్రామకంఠంగా నమోదైందో లేదో చూసుకోండి.

కప్పు విప్పాలని నిర్ణయించుకుంటే, పని మొదలయ్యేలోగా ప్రతి దూలాన్నీ ఫోటో తీసి, ముద్ర ఉన్న పెంకులను రెండు మూడు పక్కన పెట్టి, అవి కప్పులో ఏ వైపువో సుద్దతో వాటి మీదే రాసి ఉంచండి.