పశువుల పాక, నక్షత్రం పనులకు ముందు జాగ్రత్తలు

ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం వైపు కథోలిక విచారణల్లో (గుడి పరిధుల్లో) ఆగమన కాలం, అంటే క్రిస్మస్‌కు ముందు నాలుగు వారాలు, మొదలవగానే యేసు పుట్టిన పశువుల పాక, నక్షత్రం కట్టడానికి యువత వెదుళ్లు, ఎండుగడ్డి తెచ్చేస్తారు. కట్టే ముందు ఇవి చూసుకోండి.

అసలు భయం గడ్డితోనే. పాకలో కొవ్వొత్తి, పాతకాలపు వేడెక్కే బల్బు రెండూ వద్దు, ఎల్‌ఈడీ చాలు. వైరు అతుకులు గడ్డిలో దాచకండి. డిసెంబరు మంచుకు తడిసిన అతుకు షాక్ కొడుతుంది, వదులైన అతుకు వేడెక్కి గడ్డిని అంటిస్తుంది. అతుకులు పైకెత్తి టేపు చుట్టండి. పక్కన రెండు బకెట్ల ఇసుక పెట్టండి. కరెంటు మంటపై నీళ్లు పోయకూడదు.

నక్షత్రం వెదురు ఎత్తేముందు పైన కరెంటు తీగలు చూడండి. వెదురే కదా అనుకోవద్దు, పచ్చి వెదురు షాక్ కొడుతుంది.

ప్లాస్టర్ బొమ్మల కింద పాలిథిన్ పరవండి, తడి నాచు మీద అడుగు మెత్తబడి విరుగుతుంది. బాలయేసు స్వరూపాన్ని విడిగా భద్రపరచండి. డిసెంబరు 24 రాత్రి పూజ దాకా పాకలో ఆయన్ని పడుకోబెట్టే తొట్టి ఖాళీనే.

ఆగమన వలయంలో (ఆదివారానికొకటి చొప్పున కొవ్వొత్తులు వెలిగించే పచ్చి ఆకుల చుట్టు) ఊదా కొవ్వొత్తులు మూడు, గులాబీ రంగుది ఒకటి. గులాబీది మూడో ఆదివారానికి. తొందరపడి ముందే వెలిగించేస్తుంటారు. మొదటిది నాలుగు వారాలూ వెలగాలి, లావుది కొనండి. ఆకులు వారానికోసారి మార్చాలి, ఎండితే అంటుకుంటాయి.

పూజలో బైబిలు పఠనాలు తెలుగులో ఎవరు, ఒడియాలో ఎవరు చదవాలో వారం ముందే తేల్చండి. పాపసంకీర్తనాన్ని (గురువు దగ్గర పాపాలు ఒప్పుకోవడాన్ని) 24 సాయంత్రం దాకా వాయిదా వేయకండి, వరుస తెమలదు.