వుదరింగ్ హైట్స్‌లో కథ చెప్పేవాళ్లని ఎంతవరకు నమ్మాలి?

1847లో వచ్చిన ఎమిలీ బ్రాంటే నవల ఇది, మొదలుపెట్టేముందు ఒక కాగితం మీద రెండు కుటుంబాల వంశవృక్షం గీసుకోండి, క్యాథరిన్‌లే ఇద్దరున్నారు, తల్లీ కూతురూ, అది లేకపోతే మూడో చాప్టర్‌కే పుస్తకం పక్కన పడేస్తారు. తర్వాత ప్రతి సీన్ దగ్గరా ఇది ఎవరు చూశారు, ఎవరికి చెప్తున్నారు అని మార్జిన్‌లో పెన్సిల్‌తో రాసుకుంటూ వెళ్లండి.

ఈ కథ ఒకరి మాటల్లో ఇంకొకరి మాటలుగా పొరలుపొరలుగా ఉంటుంది, పై పొర లాక్‌వుడ్. 1801లో ఇల్లు అద్దెకి తీసుకుని ఓనర్ హీత్‌క్లిఫ్‌ని పలకరించడానికి వస్తాడు. ఈయన చూపు ఎలాంటిదో మొదట్లోనే తెలిసిపోతుంది, చచ్చిన కుందేళ్ల కుప్పని చూసి పిల్లులనుకుంటాడు, హీత్‌క్లిఫ్ కోడల్ని పట్టుకుని ఆయన భార్య అనుకుంటాడు. ఈయన గురించి ఇప్పటికి ఇంత చాలు.

అసలు చూడాల్సింది హౌస్‌కీపర్ నెల్లీ డీన్‌ని. లాక్‌వుడ్ జబ్బుపడి మంచం మీద ఉంటే కథంతా ఈవిడే చెప్తుంది. ఈవిడ మాటల్లో అబద్ధాల కోసం వెతక్కండి, ఎప్పుడు నోరు మూసుకుందో అది చూడండి. తొమ్మిదో చాప్టర్ తీయండి. హీత్‌క్లిఫ్‌ని పెళ్లి చేసుకుంటే నా పరువు పోతుంది అని తల్లి క్యాథరిన్ నెల్లీతో అంటుంటే అతను వెనక ఉండి విని లేచి వెళ్లిపోతాడు, నెల్లీ చూస్తుంది, చూసి కూడా పనివాడు జోసెఫ్ వస్తున్నాడు అని మాట మార్చేస్తుంది. నేనే హీత్‌క్లిఫ్‌ని అని క్యాథరిన్ అనేది ఆ తర్వాతే, అది వినడానికి అతను అక్కడ లేడు! పన్నెండో చాప్టర్‌లో కూడా అంతే, క్యాథరిన్ మూడు రోజులు గది తలుపు వేసుకుని తిండి మానేస్తే అదంతా నాటకం అనుకుని నెల్లీ ఆమె భర్త ఎడ్గర్‌కి ఒక్క ముక్క చెప్పదు, చివరికి అతని చేత చీవాట్లు తింటుంది. ఇవన్నీ మనకి చెప్తున్నది కూడా నెల్లీనే, కాకపోతే పక్కనే ఒక సాకు ఉంటుంది. ఆ సాకుల కింద గీత గీయండి, చాలా దొరుకుతాయి.

లోపల ఇంకా పొరలున్నాయి, క్యాథరిన్ చిన్నప్పుడు పుస్తకాల అంచుల్లో రాసుకున్న డైరీ, ఎడ్గర్ చెల్లెలు ఇసబెల్లా ఉత్తరం, జిల్లా అనే ఇంకో పనిమనిషి చెప్పిన కబుర్లు. ఇసబెల్లా ఉత్తరం నెల్లీ దాచుకుని చదివి వినిపిస్తుంది కాబట్టి అక్కడ ఇంకో గొంతు వినపడుతుంది, ఆ చాప్టర్ కాస్త నెమ్మదిగా చదవండి.

పదిహేనో చాప్టర్ మొదట్లో ఒక చిన్న మాట మిస్ అవ్వకండి. నెల్లీ మాటల్లోనే రాస్తాను, కొంచెం కుదిస్తాను, మొత్తమ్మీద ఆవిడ బాగానే చెప్తుంది అంటాడు లాక్‌వుడ్. ఏం కుదించాడో మనకి ఎప్పటికీ తెలీదు, పైగా సర్టిఫికెట్ ఇస్తున్నది కుందేలుకీ పిల్లికీ తేడా తెలీని మనిషి.

1958లో జేమ్స్ హాఫ్లీ అనే విమర్శకుడు అసలు విలన్ నెల్లీనే అని వ్యాసం రాశాడు. నాకైతే అది మరీ ఎక్కువ అనిపిస్తుంది, పనికి కుదిరిన ఇంట్లో అన్నీ మొహం మీద చెప్పేయడం ఎవరి వల్ల అవుతుంది, కానీ మీరు గీసిన గీతలు చూసుకుని మీరే తేల్చుకోండి.