గవర్నమెంట్ బడికి ఏదైనా చేద్దామనుకునే వ్యాపారులు ఎక్కడ మొదలుపెట్టాలంటే

విజయవాడ, గుంటూరుల్లో వ్యాపారం చేసేవాళ్ళలో చాలామంది మున్సిపల్ స్కూల్లోనో జెడ్పీ హైస్కూల్లోనో చదువుకున్నవాళ్ళే, బడికి ఏదో ఒకటి చేయాలనే మనసు కూడా ఉంటుంది, కానీ చేసేటప్పుడు బ్యాగులు, నోటుబుక్కులు, ఒక ఫ్లెక్సీ, అక్కడితో ఆగిపోతుంది. బ్యాగులు, యూనిఫాం, పుస్తకాలు ఎలాగూ గవర్నమెంట్ ఇస్తోందండి. గవర్నమెంట్ సాయం అందనిచోట మనం నిలబడాలి.

అందుకే ముందు ఏమీ కొనకండి. హెచ్‌ఎం గారి దగ్గర కూర్చుని, ఈమధ్య క్లాసులు దేనివల్ల ఆగిపోయాయో అడగండి. మోటర్ కాలిపోయి బాత్రూముల్లో నీళ్ళు లేవు, ఆడపిల్లలు మధ్యాహ్నానికే ఇంటికెళ్ళిపోతున్నారు, ఇలాంటివి బయటపడతాయి. స్కూల్ కమిటీలో ఉన్న తల్లుల్ని కూడా అడగండి, విద్యాహక్కు చట్టం ప్రకారం ఆ కమిటీలో కనీసం 75 శాతం తల్లిదండ్రులే ఉండాలి, బడి సంగతి వాళ్ళకి తెలిసినంతగా మనకి తెలీదు.

నా లెక్కలో అన్నిటికన్నా ఎక్కువ పనికొచ్చేది రిపేర్లు చూసుకోవడం. కొత్త గది కట్టించడానికి దాతలు దొరుకుతారు, పాడైన ఫ్యాను బాగు చేయించడానికి ఎవరూ దొరకరు. ఆటోనగర్లో షెడ్డు ఉన్నవాళ్ళకి ఇది చాలా తేలిక, ఒక మెకానిక్‌ని, ఒక ప్లంబర్‌ని మాట్లాడి ఆ నంబర్లు హెచ్‌ఎంకి ఇచ్చేసి, ఫోన్ చేస్తే మర్నాటికల్లా వచ్చి చేసి వెళ్ళాలి, బిల్లు నాకు పంపాలి అని చెప్పేయండి, మూడేళ్ళు ఆ మాట మీద ఉండండి.

తర్వాత చదువు. ఐదో క్లాసు పిల్లలు కొందరు రెండో క్లాసు తెలుగు పాఠం కూడా తడబడకుండా చదవలేరు, అలాంటిచోట డిజిటల్ బోర్డు ఇస్తే ఏం లాభం? హెచ్‌ఎం ఒప్పుకుంటే రోజూ ఒక గంట, పిల్లల్ని క్లాసుని బట్టి కాకుండా చదవగలిగే స్థాయిని బట్టి గ్రూపులు చేసి చదివించే మనిషికి జీతం ఇవ్వండి, మూడు నెలలకోసారి ఎంతమంది చదవగలుగుతున్నారో చూడండి, వ్యాపారంలో స్టాక్ చూసుకున్నంత శ్రద్ధగా.

పెద్ద కంపెనీలైతే 2013 కంపెనీల చట్టం సెక్షన్ 135 ఉంది, ముందటి సంవత్సరం నికర లాభం 5 కోట్లు దాటినా చాలు, గత మూడేళ్ళ సగటు లాభంలో 2 శాతం సీఎస్‌ఆర్ (కంపెనీల సామాజిక బాధ్యత) కింద ఖర్చు పెట్టాలి, చదువు ఆ జాబితాలో ఉంది. చిక్కంతా టైమింగ్‌లో వస్తుంది. కంపెనీలు మార్చి నెలలో హడావిడిగా ఖర్చు పెడతాయి, అప్పుడు బడిలో పదో తరగతి పరీక్షలు, ఆ వెంటనే వేసవి సెలవులు. జనవరిలోనే హెచ్‌ఎంతో, డీఈఓ (జిల్లా విద్యాశాఖాధికారి) ఆఫీసుతో మాట్లాడుకుని, జూన్‌లో బడి తెరిచేటప్పటికి పని అయిపోయేలా చూసుకోండి. కేంద్రం వాళ్ళ విద్యాంజలి పోర్టల్లో స్కూళ్ళు తమకేం కావాలో పెడతాయి, అది కూడా చూడండి.

గుంటూరు మిర్చి వాళ్ళకి ప్రత్యేకంగా ఒక మాట. కోతలకి కర్నూలు వైపు నుంచి కుటుంబాలతో కూలీలు వస్తారు, వాళ్ళ పిల్లల చదువు ఆ కొన్ని నెలలు పోతుంది, తిరిగి వెళ్ళాక మళ్ళీ బడికి పోతారో లేదో కూడా తెలీదు. మీ సరుకు వచ్చే పొలాల దగ్గర ఎంతమంది పిల్లలున్నారో కనుక్కుని దగ్గర్లోని బడిలో చేర్పించండి, వయసు సర్టిఫికెట్ లేదని చేర్చుకోననడానికి చట్టం ఒప్పుకోదు, పొద్దున్నా సాయంత్రం ఒక ఆటో పెడితే చాలు. పద్నాలుగేళ్ళ లోపు పిల్లలు మీ యార్డులో, కోల్డ్ స్టోరేజీలో పనిచేయకుండా చూడటం దీనికన్నా ముందు పని.

ఇక మీ పలుకుబడి. కలెక్టర్ దగ్గరికో ఎమ్మెల్యే దగ్గరికో కరెంటు గురించో రోడ్డు గురించో వెళ్తారు కదా, అదే అర్జీలో ఫలానా బడిలో లెక్కల టీచర్ పోస్టు ఖాళీగా ఉంది అని కూడా రాయండి, ఒక్కరే కాకుండా మీ వ్యాపారుల సంఘం, అంటే ఛాంబర్ తరఫున అందరూ సంతకం పెట్టండి, జవాబు వచ్చేదాకా మళ్ళీ మళ్ళీ అడగండి. ఫలానా టీచర్నే వేయండి, ఫలానా ఆయన్ని మార్చండి అని మాత్రం అడగొద్దు, అది డిపార్ట్‌మెంట్ పని.