తల పైకెత్తే ముందు కాలి కింద చూసుకోండి: వానాకాలంలో అడవి కోతుల మేతను గమనించేవారికి జాగ్రత్తలు

కోతులు ఏం తింటున్నాయో రాసుకోవాలంటే రోజంతా తల పైకెత్తి ఉండాలి. ఈ పనిలో దెబ్బలు ఎక్కువగా తగిలేది కోతుల వల్ల కాదు, పైకి చూస్తూ అడుగేయడం వల్ల. వానాకాలంలో నేలంతా జారుడు, ఆకుల కింద గుంటలు, పాములు. అందుకే మొదటి నియమం: కాలు కదిపేటప్పుడు పైకి చూడొద్దు, పైకి చూసేటప్పుడు కాలు కదపొద్దు. ఆగి, చుట్టూ ఒక గజం నేల పరికించాకే బైనాక్యులర్ ఎత్తండి. గుంపు పరుగు తీస్తే పోనివ్వండి. పది నిమిషాలకోసారి గుంపును చూసి నింపే పట్టికలో అప్పటికి ‘కనబడలేదు’ అని రాసుకుంటే సరి.

వైద్యుడి దగ్గరకు అడవిలో దిగడానికి ఆరు వారాల ముందే వెళ్లాలి. రేబిస్ ముందస్తు టీకా రెండు డోసులు: మొదటి రోజు ఒకటి, వారం తర్వాత మరొకటి. ఈ టీకా ఉన్నా కాటు పడ్డాక మళ్లీ డోసులు తప్పవు. దక్షిణ అమెరికా, ఆఫ్రికా అడవులకైతే ఎల్లో ఫీవర్ టీకా కనీసం 10 రోజుల ముందు పడాలి. ఆగ్నేయాసియాలో, ముఖ్యంగా బోర్నియో ద్వీపంలో, మకాక్ కోతుల (మన ఊళ్లలో తిరిగే కోతులూ ఈ రకమే) నుంచి దోమల ద్వారా మనిషికి సోకే నోలెసీ మలేరియా ఉంది. ఈ పరాన్నజీవి 24 గంటలకోసారి రక్తంలో పెరుగుతుంది, కాబట్టి జ్వరాన్ని ‘రేపు చూద్దాం’ అని వదిలేయకూడదు. మైక్రోస్కోపులో ఇది మామూలుగా అంత ప్రమాదం కాని ‘ప్లాస్మోడియం మలేరియే’ అనే మరో మలేరియా రకంలా కనిపించి పరీక్షించేవారే పొరపడతారు. కోతుల అడవిలో తిరిగామని నోరు తెరిచి చెప్పండి.

మకాక్‌ల మధ్య పనిచేసేవారు హెర్పిస్ బి వైరస్ గురించి తెలుసుకునే తీరాలి. కోతికి పెద్దగా జబ్బు చేయదు. మనిషికి సోకడం చాలా అరుదు, కానీ సోకి చికిత్స అందకపోతే పది మందిలో ఏడెనిమిది మంది చనిపోతారు. కాటు, గోరు గీత, కంట్లో పడిన ఉమ్మి లేదా మూత్రం, వీటిలో దేన్నీ చిన్నదనుకోకండి. గాయాన్ని సబ్బుతో, కంటిని శుభ్రమైన నీటితో లేదా సెలైన్‌తో 15 నిమిషాలు గడియారం చూసి కడగండి. రెండు నిమిషాలకే కడిగేశామనిపిస్తుంది, నమ్మకండి. తర్వాత వైరస్ మందు మొదలుపెట్టాలా అన్నది వైద్యుడు వెంటనే తేల్చాలి. ఆ మందు దగ్గరలో ఎక్కడ దొరుకుతుందో సీజన్‌కు ముందే కనుక్కుని ఉంచండి.

చచ్చిన కోతి కనిపిస్తే దగ్గరకు పోవద్దు. 1957లో కర్ణాటకలోని క్యాసనూర్ అడవిలో మొదట గుర్తించిన జ్వరం కొండముచ్చుల్నీ కోతుల్నీ చంపుతుంది. ప్రాణం పోయిన ఒంటి మీది పిడుదులు దిగి చుట్టుపక్కల నేల మీద చేరతాయి, కాబట్టి ముట్టకపోయినా పక్కన నిలబడితే చాలు, అవి కుట్టి జ్వరం అంటించవచ్చు. ఈ జ్వరం ఎక్కువగా వానలు తగ్గాక, డిసెంబరు నుంచి మే దాకా కనిపిస్తుంది. దక్షిణ అమెరికాలో హౌలర్ కోతులు వరసగా చస్తుంటే అది ఎల్లో ఫీవర్ వస్తోందన్న హెచ్చరిక. రెండు చోట్లా చేయాల్సింది ఒకటే: చోటు గుర్తు పెట్టుకుని, దూరం నుంచే ఫోటో తీసి, అటవీ, ఆరోగ్య శాఖలకు తెలపడం.

మన జబ్బు వాటికి అంటడమూ అంతే ప్రమాదం. జలుబు, దగ్గు ఉంటే అడవిలోకి పోవద్దు. మాస్కు పెట్టుకుని 10 మీటర్లకు తగ్గకుండా నిలబడండి. ఉమ్మకండి, మలమూత్రాలకు గుంపు తిరిగే దారులకు దూరంగా వెళ్లండి.

ఇక చెట్టు కిందికి వద్దాం. మేస్తున్న చెట్టుకు సరిగ్గా కింద ఎప్పుడూ నిలబడకండి, కొమ్మల అంచు దాటి నిలబడండి. నీరు తాగి బరువెక్కిన ఎండు కొమ్మలు గాలి లేకపోయినా విరిగిపడతాయి. కోతులు కూడా కొమ్మలు విరిచి పడేస్తాయి, కొన్ని జాతులు మనిషిని చూసి కావాలనే చేస్తాయి. హెల్మెట్ ఉండాలి. పైకి చూసేటప్పుడు నోరు మూసుకోండి, ఎందుకో మొదటి వారంలోనే తెలిసొస్తుంది! జీడి కుటుంబపు చెట్ల పాలు, ముఖ్యంగా నల్లజీడి జాతి, చర్మాన్ని బొబ్బలెక్కిస్తాయి. కోతి కొరికి పడేసిన కాయకూ ఆ పాలు అంటి ఉంటాయి. దూలగొండి నూగు సంగతి చెప్పక్కర్లేదు. రాలినదాన్ని చేతి తొడుగుతోనే ఎత్తండి.

గాలి మొదలవగానే వెనక్కి తిరగండి, వాన మొదలయ్యేదాకా ఆగొద్దు. ఉదయం మడమ లోతున్న వాగు సాయంత్రానికి మరోలా ఉంటుంది. పారే నీరు మోకాలు దాటితే దిగకండి.

బ్యాగులో తిండి, వాసన వచ్చే కవర్లు ఉంచుకోవద్దు. మనిషి తిండికి అలవాటైన గుంపు తిరిగే దారి, పడే తగాదాలు అన్నీ మారిపోతాయి, అప్పుడు మీ మేత లెక్కకు విలువ ఉండదు. మకాక్ కళ్లలోకి సూటిగా చూడొద్దు, పళ్లు కనబడేలా నవ్వొద్దు, రెండూ గొడవకు దారితీయొచ్చు. బ్యాగు పట్టుకుంటే వదిలేయండి. మర్రి, మేడి, జువ్వి ఒకేసారి పండిన చోట కొట్లాటలు పెరుగుతాయి, అక్కడ తల్లీపిల్లల మధ్యకు పోకుండా చూసుకోండి. వేట సాగే అడవిలో గుంపును మనిషికి మచ్చిక చేసే ఆలోచనే మానుకోవాలి. మీకు భయపడని కోతి వేటగాడికీ భయపడదు.

లెక్కల విషయంలో వాన చేసే మోసం వేరే. పది నిమిషాలకోసారి గుంపంతటినీ చూసి రాసే స్కాన్ పద్ధతిలో అంచు కొమ్మల మీద పండ్లు తినేవే ఎక్కువ కనిపిస్తాయి, లోపల ముసురు మసకలో ఆకులు నమిలేవి తప్పిపోతాయి. ఫలితంగా పండ్ల వాటా ఉన్నదానికన్నా ఎక్కువ తేలుతుంది. ఎన్ని కోతులు కనబడలేదో ప్రతి స్కాన్‌లో రాయండి, వీలైతే ఒక్కో కోతిని వరసగా అనుసరించే ఫోకల్ పద్ధతితో సరిచూడండి. మకాక్‌లకు బుగ్గ సంచులున్నాయి: ఇక్కడ కుక్కుకుని అక్కడ నమిలితే ఒక్క పండు రెండుసార్లు లెక్కకొస్తుంది. ‘తినడం’ అంటే నోట్లో పెట్టుకోవడమా, నమలడమా అన్నది సీజన్‌కు ముందే జట్టంతా తేల్చుకోవాలి, మధ్యలో మార్చకూడదు.

నమూనాలకు రాలినవి మాత్రమే ఏరితే కోతి వద్దనుకున్న భాగాన్ని తూకం వేసినట్టే. అదే చెట్టు నుంచి, అంతే పండిన, అది తిన్న భాగాన్నే తీసుకోండి. పైతడి తుడిచి వెంటనే తూచండి, లేకపోతే వాననీటి బరువు కూడా కలుస్తుంది. 40 డిగ్రీల దరిదాపుల్లో ఆరబెట్టండి. వేడి మితిమీరితే టానిన్లు (వగరు పదార్థాలు), మాంసకృత్తుల లెక్కలు చెడతాయి. మలం నమూనాను పేడపురుగులూ వానా ఎత్తుకుపోకముందే, నేల తగలని లోపలి భాగం నుంచి, తొడుగుతో తీయాలి.

మేత చెట్లకు నంబర్లు వేసి, నేల నుంచి 1.3 మీటర్ల ఎత్తులో మాను కొలిచి, నెలనెలా పూత, కాపు రాసే పని వానలకు ముందే మొదలవ్వాలి. 1970లో పనామాలోని బారో కొలరాడో ద్వీపంలో కాపు దెబ్బతిని జంతువులు ఆకలికి చచ్చాయి. అలాంటి ఏడాది వస్తే కరువును కరువని పోల్చుకోవడానికి ముందటి నెలల కాపు లెక్క చేతిలో ఉండాలి.

రోజూ బయల్దేరే ముందు ఏ దారిన పోతున్నారో, ఎన్నింటికి తిరిగొస్తారో క్యాంపు పలక మీద రాయండి. ఆ గంట దాటిన 60 నిమిషాలకు ఎవరు వెతకడానికి బయల్దేరాలో పేరు కూడా పక్కనే ఉండాలి.