ఆర్‌వీలోకి మారేముందు పెట్టెలు తూచుకోండి

రిటైరయ్యాక ఆర్‌వీలోనే, అంటే ఇల్లులా అమర్చిన బండిలోనే, ఉందామని ఇల్లు సర్దుతుంటే ఏది వదలాలో తేలదు, ఏ గిన్నె చూసినా కావాలనే అనిపిస్తుంది. మేం ఇంట్లో బరువు చూసుకునే మిషన్ తీశాం. పెట్టె పట్టుకుని ఎక్కి, మన బరువు తీసేసి, మిగిలిన కిలోలు పెట్టె మీదే మార్కర్‌తో రాయాలి. బండి ఎంత మోయగలదో తలుపు దగ్గరి స్టిక్కర్ మీద ఉంటుంది. అందులోంచి ముందు నీళ్లు తీసేయండి: లీటరుకు కిలో, 150 లీటర్ల ట్యాంకంటే 150 కిలోలు. మోటర్‌హోమ్ (సొంత ఇంజన్ ఉన్న ఆర్‌వీ) అయితే మనుషుల బరువు కూడా. మిగిలినదాంట్లో పదో వంతు ఖాళీగా వదిలి, ఆలోపే సామాను. మా పుస్తకాల పెట్టె ఒక్కటే 22 కిలోలు తూగింది. మనసు కష్టపెట్టుకునే ఆరు పుస్తకాలు మాత్రం ఉంచుకున్నాం.

బండి కొన్నాక బిగించిన సోలార్ ప్యానెళ్లు, బ్యాటరీలు స్టిక్కర్ లెక్కలో ఉండవు. ఏ ఇరుసు మీద ఎంత పడుతోందో కూడా ఇలా తెలియదు. అన్నీ సర్దాక ఒకసారి బండిని వేబ్రిడ్జి (లారీలు తూచే కాటా) ఎక్కించండి.