కెర్నెల్ ప్యానిక్ పాఠాలు - 4: బ్రాకెట్‌లో రెండు సున్నాలు

లినక్స్‌కి గుండెలాంటి కెర్నెల్ ఇక ముందుకు వెళ్లలేక ఆగిపోవడమే ప్యానిక్. పోయిన పాఠంలో ఆ ప్యానిక్ స్క్రీన్‌ని ఫోటో తీసి పెట్టుకోమన్నాను కదా, అది తెరవండి. లినక్స్ బూట్ అవుతూనే ఆగిపోయిన కేసు అయితే చివర్లో ఈ లైను ఉంటుంది:

కెర్నెల్ ప్యానిక్ - నాట్ సింకింగ్: వీఎఫ్ఎస్: అనేబుల్ టు మౌంట్ రూట్ ఎఫ్ఎస్ ఆన్ అన్‌నోన్-బ్లాక్(0,0)

రూట్‌ని, అంటే సిస్టమ్ అంతా ఉన్న పార్టిషన్‌ని, తెరవలేకపోయానని కెర్నెల్ అంటోంది. ఇది చూడగానే డిస్కు పోయిందని టెన్షన్ పడతారు. నేనూ ఒకసారి రాత్రంతా డిస్కు సాటా కేబుళ్లు మారుస్తూ కూర్చున్నాను. కేబుల్ తప్పేమీ లేదు. ఆ బ్రాకెట్ చదివుంటే పది నిమిషాల్లో తేలిపోయేది.

అందులో మొదటిది మేజర్ నంబరు, అంటే ఏ డ్రైవర్ అన్నది. రెండోది మైనర్, ఆ డ్రైవర్ కింద ఏ డిస్కు, ఏ పార్టిషన్ అన్నది. 8,1 అంటే ఎస్‌డీఏ1, ఎస్‌డీఏ అనే డిస్కులో మొదటి పార్టిషన్. అలా ఉంటే డిస్కు కనబడినట్టే, గొడవ ఫైల్ సిస్టమ్ దగ్గర. 0,0 అంటే రూట్ అని మనం చెప్పిన డిస్కే కెర్నెల్‌కి దొరకలేదు.

ఇప్పుడు ఫోటోలో కాస్త పైకి వెళ్లండి. 'హియర్ ఆర్ ది అవైలబుల్ పార్టిషన్స్' అనో, 'లిస్ట్ ఆఫ్ ఆల్ పార్టిషన్స్' అనో ఉన్న లైను కింద డిస్కు పేర్లేమీ లేవా? డిస్కు డ్రైవర్ లోడే కాలేదు. ఎస్‌డీఏ లాంటి పేర్లు ఉన్నాయా? డ్రైవర్ బాగానే ఉంది, కానీ చాలావరకు రూట్‌ని యూయూఐడీతో, అంటే ఫైల్ సిస్టమ్‌కి ఉండే ప్రత్యేక గుర్తింపు సంఖ్యతో, ఇచ్చి ఉంటాం. ఫైల్ సిస్టమ్ యూయూఐడీని కెర్నెల్ సొంతంగా వెతకలేదు. ఆ పని ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్‌ది.

రెండు దారులూ అక్కడికే వస్తాయి. డ్రైవర్ ఫైలు డిస్కులో ఉంటుంది, డిస్కు చదవాలంటే డ్రైవర్ కావాలి: తాళంచెవి ఇంట్లో పెట్టి తలుపు వేసుకున్నట్టు. అందుకే కెర్నెల్‌ని మొదలుపెట్టే బూట్‌లోడర్ దానితో పాటు ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ అనే, డ్రైవర్లున్న చిన్న మూటని కూడా మెమరీలోకి తెస్తుంది. ఆ మూట రాకపోతే ఈ ప్యానిక్.

ఎందుకు రాలేదు? అప్‌డేట్ తర్వాత మొదలైతే నా అనుమానం ముందు కెర్నెల్, మూట ఉండే బూట్ పార్టిషన్ మీదే. అది నిండిపోతే కొత్త కెర్నెల్ కూర్చుంటుంది, మూట మాత్రం సగంలో ఆగిపోతుంది.

గ్రబ్ అనే బూట్‌లోడర్ మెనూలో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌కి వెళ్లి పాత కెర్నెల్‌తో బూట్ చేయండి. బూట్ ఫోల్డర్‌లో ఫైళ్ల సైజులు పోల్చండి: పాత మూట పదుల మెగాబైట్లు, కొత్తది సున్నానో, అసలు లేదో! ఇప్పుడు నడుస్తున్నది ఉంచి మిగతా పాత కెర్నెళ్లు తీసేయండి. మూట మళ్లీ కట్టడానికి ఉబుంటు, డెబియన్‌లలో అప్‌డేట్-ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్, ఫెడోరాలో డ్రాకట్ కమాండ్లు వాడండి. కొత్త కెర్నెల్ వెర్షన్ తప్పకుండా ఇవ్వండి. ఇవ్వకపోతే డ్రాకట్ ఇప్పుడు నడుస్తున్న పాతదానికే కడుతుంది. ఉబుంటు, డెబియన్‌లలో ఆఖర్న అప్‌డేట్-గ్రబ్ కూడా నడపండి.

మూట వచ్చినా అందులో డ్రైవర్ లేకపోతే చాలాసార్లు ప్యానిక్ కాదు, ఒక ఎమర్జెన్సీ షెల్ వస్తుంది. అది 5వ పాఠం. ఈలోగా ఎల్ఎస్‌పీసీఐ కమాండ్‌కి మైనస్ కె ఇచ్చి, మీ డిస్కు కంట్రోలర్‌ని నడిపే డ్రైవర్ పేరు రాసి ఉంచుకోండి. ఏహెచ్‌సీఐయో, ఎన్‌వీఎంఈయో కావచ్చు. అప్పుడు దానితోనే పని.