తాడ్వాయి అడవి, లక్నవరం దీవులు ఒకే రోజు చూసొచ్చేవాళ్లకు జాగ్రత్తలు

దసరా సెలవులు దగ్గర పడ్డాయంటే హన్మకొండ, వరంగల్ ఇళ్లలో ఒకటే ప్లాన్. పొద్దున తాడ్వాయిలో సఫారీ, మధ్యాహ్నం లక్నవరం చెరువులోని దీవులు, రాత్రికి ఇల్లు. రెండూ ములుగు రోడ్డు మీదే కాబట్టి కుదురుతుంది. కానీ తెల్లవారకముందే బయల్దేరాలి. తొమ్మిదింటికి ఇల్లు కదిలి, పోయిన టైమును పడవ దగ్గర హడావుడి పడి కలుపుకుందామనుకుంటేనే ప్రమాదం.

ముందు అడవి, తిరుగు ప్రయాణంలో చెరువు పెట్టుకోండి. వానల తర్వాత అడవి దారులు బురదగా ఉంటాయి, సఫారీ ఆపేస్తారు కూడా. అందుకే ముందురోజే ఫోన్ చేసి కనుక్కోండి.

జీపులోంచి దిగొద్దని గైడ్ చెప్తే వినండి. మూత్రానికని పొదల చాటుకు వెళ్లడం అసలే వద్దు. ఇక్కడ గుడ్డెలుగులున్నాయి. చెదల పుట్ట తవ్వుకునేటప్పుడు దానికి మన అడుగుల చప్పుడు వినబడదు, చూపూ అంతంతమాత్రమే. ఒక్కసారిగా మనిషి ఎదురుపడితే బెదిరి మీద పడుతుంది. రోడ్డు పక్క కోతులకు బిస్కెట్లు వేయకండి. వాటి కోసం అవి బండ్ల కిందికి వస్తాయి. నిండు బట్టలు, బూట్లు వేసుకోండి. పాము కరిస్తే గట్టిగా కట్టు కట్టొద్దు, కోయొద్దు, నాటు మందుకని తిరగొద్దు. కరిచిన కాలో చెయ్యో కదలకుండా చూసి, 108కి ఫోన్ చేసి ములుగు ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకెళ్లండి. అడవిలో సిగ్నల్ వచ్చిపోతుంటుంది కాబట్టి ఎటు వెళ్తున్నారో ఇంట్లో చెప్పి కదలండి.

ఇక చెరువు. నాకు ఎక్కువ భయం దీని గురించే. కాకతీయుల కాలంలో గుట్టల మధ్య కట్ట పోసి నీళ్లాపితే లక్నవరం అయింది. మనం దీవులంటున్నవి ఆ గుట్టల తలలే. అంటే ఒడ్డున మోకాలి లోతు ఉన్నా, రెండడుగులు వేస్తే నేల అందకపోవచ్చు. దీవి అంచున కాళ్లు కడుక్కుందామని కూడా దిగకండి. చెరువు నిండి మత్తడి దూకుతుంటే చూడ్డానికి ఎంత బాగున్నా, రాళ్ల మీద పాచి ఉంటుంది. ఫొటోలు దూరం నుంచే తీసుకోండి.

లైఫ్ జాకెట్ ఇస్తారు, అందరూ వేసుకుంటారు. సరిగ్గా వేసుకున్నారా అన్నదే చూడాలి. పోయినేడు పడవెక్కే ముందు మా అక్క కొడుకు జాకెట్ భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగాను. వాడు అక్కడే ఉన్నాడు, జాకెట్ మాత్రం తల మీదుగా నా చేతిలోకి వచ్చేసింది. పెద్దవాళ్ల సైజు ఇచ్చారు, కింది క్లిప్ పెట్టనే లేదు. మీ పిల్లలకూ అలాగే లాగి చూడండి. చెవుల దాకా లేచిందంటే చిన్నది అడగండి, లేదంటే పడవ ఎక్కకండి. ఉక్కగా ఉందని మధ్యలో తీయొద్దు. 2019 సెప్టెంబర్ 15న కచ్చులూరు దగ్గర గోదావరిలో పడవ మునిగినప్పుడు మన వరంగల్ దగ్గరి కడిపికొండ నుంచి వెళ్లిన 14 మందిలో 9 మంది తిరిగి రాలేదు. ఆ ఊరి మీదుగా వెళ్లినప్పుడల్లా నాకు అదే గుర్తొస్తుంది. పడవలో జనం ఎక్కువైతే తర్వాతి ట్రిప్పు దాకా ఆగండి. వేలాడే వంతెన మీద సరదాకి ఊపేవాళ్లుంటే పిల్లల చెయ్యి వదలొద్దు.

మబ్బు పట్టినా, గాలి లేచినా నీళ్ల మీద ఉండకండి. ఈ ములుగు వాతావరణాన్ని నమ్మలేం. 2023 జూలైలో లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లోనే దాదాపు 650 మిల్లీమీటర్ల వాన పడింది. 2024 ఆగస్టు 31న గాలిదుమారానికి తాడ్వాయి, మేడారం అడవిలో వేల చెట్లు వేర్లతో సహా కూలాయి. రోడ్డు మీద వాగు పొంగుతుంటే లోతెంతో కర్రతో చూసి దాటే సాహసం వద్దు. సెలవు పోయినా పర్వాలేదు, వెనక్కి తిరగండి. చీకటి పడకముందే ములుగు దాటితే మంచిది. రాత్రయితే జంతువులు రోడ్డు దాటుతుంటాయి, లారీలూ ఎక్కువ.

ఇంటికొచ్చాక రెండు మూడు వారాల్లోపు చలిజ్వరం వస్తే మామూలు జ్వరమే అని గోళీలతో సరిపెట్టకండి. మలేరియాకు రక్తపరీక్ష చేయించండి. తాడ్వాయి అడవికి వెళ్లొచ్చామని డాక్టర్ అడగకముందే చెప్పండి.